లెక్కకి ఒక్కరు

1979 మార్చి తేదీతో వచ్చిన అవెంజర్స్ అనే అమెరికన్ కామిక్ పత్రిక 181వ సంచికలో, ఆ పేరున్న సూపర్‌హీరోల జట్టు ఉండే బంగళాలోకి హెన్రీ పీటర్ గైరిచ్ అనే ప్రభుత్వాధికారి వస్తాడు. ఇకమీదట జట్టులో ఏడుగురే ఉండాలట. ఆ ఏడుగురూ ఎవరో కూడా ప్రభుత్వమే చెబుతుందట. ఐరన్ మ్యాన్, విజన్, కెప్టెన్ అమెరికా, స్కార్లెట్ విచ్, బీస్ట్, వాస్ప్. ఆరు పేర్లయ్యాయి. ఏళ్ళ తరబడి జట్టులో ఉన్న విలుకాడు హాక్‌ఐ ఏడో పేరు తనదేననుకుంటాడు. కాదు, ఫాల్కన్‌దట. ఫాల్కన్ అప్పటికి ఆ జట్టులో సభ్యుడే కాదు. గైరిచ్ కారణం దాచుకోడు. ప్రభుత్వ గుర్తింపు కావాలంటే సమాన అవకాశాల నిబంధన పాటించాలి, అంటే జట్టులో నల్లజాతి వ్యక్తి ఒకరుండాలి.

ఫాల్కన్ అసలు పేరు శామ్ విల్సన్. 1969లో కెప్టెన్ అమెరికా 117వ సంచికలో పుట్టాడు. పెద్ద కంపెనీల కామిక్స్‌లో తొలి ఆఫ్రికన్ అమెరికన్ సూపర్‌హీరో అతనే. 1971 నుంచి ఏడేళ్ళు ఆ పత్రిక అట్ట మీద కెప్టెన్ అమెరికా పేరు పక్కనే అతని పేరూ పెద్దక్షరాల్లో ఉండేది. అంత అనుభవం ఉన్నవాణ్ణి జట్టులోకి పిలవడానికి వేరే కారణమే దొరకలేదా? ఎందుకు పిలిచారో శామ్‌కి తెలుసు, ఆ అవమానం లోపల మెలిపెడుతూనే ఉంటుంది. కొన్ని సంచికలు తిరిగేసరికి తనే తప్పుకుంటాడు.

ఈ కథ చదివినప్పుడల్లా ఒక విషయం నన్ను ఆపేస్తుంది. కోటా పెట్టింది గైరిచ్ అనే పాత్ర. ఆ గైరిచ్‌ని రాసింది మాత్రం రచయితలు. శామ్ తన సత్తాతో జట్టులోకి వచ్చినట్టు రాయడానికి వాళ్ళకి అడ్డేమీ లేదు. అయినా లెక్క సరిచేయడానికే వచ్చినట్టు రాశారు, పైగా అతని చోటు వల్ల ఒక తెల్లవాడు నష్టపోయినట్టూ రాశారు. రిజర్వేషన్‌లో సీటొచ్చిన పిల్లవాడు క్లాసులో మొదటిరోజు ఎదుర్కునే చూపు ఎలాంటిదో మన దగ్గర విడమరచి చెప్పక్కర్లేదు. ఎంత బాగా చదివినా ఆ చూపు వదలదు. శామ్ విల్సన్‌కి ఆ చూపు కథలోనే రాసిపెట్టారు.

సూపర్‌హీరోల జట్లలో వైవిధ్యం గురించి వాదన ఎక్కడ మొదలైనా తలల లెక్క దగ్గరికే చేరుతుంది. ఆడవాళ్ళు ఎంతమంది, నల్లజాతివాళ్ళు ఎంతమంది, ముస్లింలు ఎవరైనా ఉన్నారా. ఒకరు లేరంటారు, ఇంకొకరు ఉన్నారుగా అంటారు, అక్కడితో ఆగిపోతుంది. ఉన్నవాళ్ళకి కథలో ఏం పని ఇచ్చారు, ఆ కథ ఎవరు రాశారు, ఎన్నాళ్ళు బతకనిచ్చారు, తమలాంటి ఇంకొకరు పక్కన ఉన్నారా అని అడిగితే గానీ చిక్కుముడి విడదు.

మొదట్లో లెక్క కూడా లేదు. 1940లో వచ్చిన మొదటి సూపర్‌హీరోల జట్టు జస్టిస్ సొసైటీ ఆఫ్ అమెరికా. ఎనిమిది మంది, అందరూ తెల్లజాతి మగవాళ్ళే. 1942లో వండర్ ఉమన్‌ని తీసుకున్నారు, సెక్రెటరీగా! సూపర్‌మ్యాన్‌తో సమానంగా బలమున్న మనిషిని మీటింగు వివరాలు రాయమని కూర్చోబెట్టి మగవాళ్ళు యుద్ధానికి బయల్దేరేవారు. అదే కాలంలో రంగున్న మనుషులు కనిపించారంటే నవ్వించడానికే. బ్లాక్‌హాక్ దళంలో చాప్-చాప్ అనే చైనా వంటవాడు, యంగ్ అలైస్ పిల్లల జట్టులో వైట్‌వాష్ జోన్స్ అనే నల్లజాతి కుర్రాడు. ఆ పేరే చాలు, బొమ్మ ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. జట్టులో మిగతా పిల్లల్ని మామూలు మనుషుల్లా గీసిన చెయ్యే అతన్ని మాత్రం ఉబ్బిన పెదాలతో, గుడ్లు మిటకరిస్తున్నట్టు గీసింది. లెక్క ప్రకారం చూస్తే ఈ రెండు జట్లలోనూ వైవిధ్యం ఉన్నట్టే మరి.

1947లో ఫిలడెల్ఫియాకి చెందిన ఓరిన్ ఎవాన్స్ అనే నల్లజాతి పాత్రికేయుడు, రాసేవాళ్ళూ గీసేవాళ్ళూ అంతా నల్లజాతివాళ్ళే ఉండేలా ఆల్-నీగ్రో కామిక్స్ తెచ్చాడు. ఒక్క సంచికతో ఆగింది. రెండోదానికి కాగితం అమ్మేవాళ్ళు దొరకలేదు.

ఆ తర్వాత జరిగిన ఒక సంగతి కామిక్స్ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తుంది. ఈసీ కామిక్స్ అనే కంపెనీ 1953లో జడ్జిమెంట్ డే అనే చిన్న కథ వేసింది. రాసింది ఆల్ ఫెల్డ్‌స్టీన్, గీసింది జో ఒర్లాండో. టార్ల్‌టన్ అనే వ్యోమగామి మరమనుషుల గ్రహానికి తనిఖీకి వెళ్తాడు. ఆ గ్రహం నక్షత్ర గణతంత్రంలో చేరడానికి తగినదా కాదా అన్నది అతను తేల్చాలి. అక్కడ నారింజ రంగు మరమనుషులు, నీలం రంగు మరమనుషులు ఉంటారు. లోపలి యంత్రాలన్నీ ఒకటే, పైన వేసే తొడుగు రంగే తేడా. అయినా నీలం వాళ్ళు బస్సులో వెనక కూర్చోవాలి, ఊరిచివర బతకాలి. మీరింకా సిద్ధంగా లేరని చెప్పి టార్ల్‌టన్ తన నౌకకి తిరిగొస్తాడు. కథంతా అతని తల మీద శిరస్త్రాణం ఉంటుంది, ముఖం కనపడదు. ఆఖరి గడిలో అది తీస్తాడు. నల్లజాతి మనిషి. నుదుటి మీద చెమట బిందువులు దీపాల వెలుగులో నక్షత్రాల్లా మెరుస్తుంటాయి.

1954లో కామిక్స్ కోడ్ వచ్చింది, కామిక్స్‌లో ఏవి ఉండకూడదో చెప్పే నియమావళి. పుస్తకం అట్ట మీద ఆ ముద్ర లేకపోతే అమ్మే దుకాణాలు తీసుకునేవి కావు. 1956లో ఈసీ ఈ కథని మళ్ళీ వేయబోతే కోడ్ అధికారి చార్ల్స్ మర్ఫీ అడ్డం పడ్డాడు, ఆ మనిషి నల్లగా ఉండకూడదన్నాడు. అసలు కథే అది కదా అన్నాడు ఫెల్డ్‌స్టీన్. అయితే చెమట తీసేయండి అన్నాడట. విషయం బయటపెడతానని ఈసీ యజమాని బిల్ గెయిన్స్ బెదిరిస్తే గానీ దిగిరాలేదు. కథ చెమట చుక్కలతో సహా అచ్చయింది. ఈసీ వేసిన ఆఖరి కామిక్ పుస్తకం అదే.

ఆ చెమట అతనికెందుకు అభ్యంతరమయింది? గడిలో నల్లజాతి మనిషి ఉండటంతో పాటు అందంగా, అలసిపోయి, ఆలోచిస్తూ, అందరికన్నా పై హోదాలో ఉన్నాడు. బొమ్మ అలా ఉంటే చదివే పిల్లవాడు అతన్ని మనిషిగా చూస్తాడు. మర్ఫీకి ఆ సంగతి మనకన్నా బాగా అర్థమయిందని నా నమ్మకం.

కోడ్ నీడలో పుట్టిన జట్లని చూస్తే ఆశ్చర్యమేస్తుంది. 1960లో మొదలైన జస్టిస్ లీగ్‌లో ఏడుగురు. అందులో అంగారక గ్రహంనుంచి వచ్చిన ఆకుపచ్చ మనిషి ఉన్నాడు, సముద్రం అడుగున రాజ్యమేలేవాడు ఉన్నాడు, న్యూయార్క్‌లో నల్లజాతివాళ్ళుండే హార్లెమ్ వీధి మనిషి మాత్రం లేడు. 1958లో మొదలైన లీజియన్ ఆఫ్ సూపర్-హీరోస్ జరిగేది వెయ్యేళ్ళ తర్వాతి కాలంలో. అందులో ఒకడు ఆకుపచ్చ, ఒకడు నారింజ, ఒకమ్మాయి నీలం. నల్లజాతి సభ్యుడు రావడానికి 1976 దాకా ఆగాల్సి వచ్చింది. టైరాక్ అనే ఆ కుర్రాడి వెనక కథ ఏమిటంటే, వాళ్ళ మనుషులంతా లోకంతో సంబంధం లేకుండా విడిగా ఒక దీవిలో బతుకుతున్నారట. వెయ్యేళ్ళ తర్వాతి ఊహలో కూడా వెలివాడే!

ఈ మాట కామిక్స్ లోపలినుంచే అడిగించినవాళ్ళు రచయిత డెన్నిస్ ఓనీల్, చిత్రకారుడు నీల్ ఆడమ్స్. 1970లో గ్రీన్ లాంటర్న్ 76వ సంచికలో ఒక ముసలి నల్లజాతి మనిషి హీరోని నిలదీస్తాడు. నీలం చర్మం వాళ్ళ కోసం పనిచేస్తావట, ఎక్కడో నారింజ చర్మం వాళ్ళని కాపాడావట, ఊదా చర్మం వాళ్ళకీ చాలా చేశావట, మరి నల్ల చర్మం వాళ్ళ సంగతేమిటి అని. హీరో తలదించుకుంటాడు. రెండేళ్ళు తిరక్కుండా అదే పత్రికలో జాన్ స్టూవర్ట్ అనే నల్లజాతి ఆర్కిటెక్ట్ చేతికి గ్రీన్ లాంటర్న్ శక్తినిచ్చే ఆకుపచ్చ ఉంగరం వచ్చింది. కార్టూన్ నెట్‌వర్క్‌లో జస్టిస్ లీగ్ చూస్తూ పెరిగిన మన పిల్లలకి గ్రీన్ లాంటర్న్ అంటే అతనే. అసలు గ్రీన్ లాంటర్న్ తెల్లవాడని వాళ్ళకి చాలా ఏళ్ళ తర్వాత గానీ తెలీదు. చిన్నప్పుడు చూసిన బొమ్మే అసలుదిగా నిలిచిపోతుంది. ప్రాతినిధ్యం గురించి ఇంత పట్టింపు ఎందుకంటే అందుకే.

ఈలోపు మార్వెల్ కంపెనీలో స్టాన్ లీ, జాక్ కర్బీ కలిసి 1966లో బ్లాక్ పాంథర్‌ని సృష్టించారు. రెండేళ్ళకి అతను అవెంజర్స్‌లో చేరాడు. గొప్ప అడుగే. అయితే మొదట వచ్చినవాడు ఆఫ్రికాలో ఎక్కడో ఉన్న, ఎవరూ చూడని రాజ్యానికి రాజు. అమెరికా నగరంలో పుట్టిన శామ్ విల్సన్ వచ్చింది అతని తర్వాత. పొరుగువాడికన్నా దూరపువాడికి తలుపు తీయడం ఎప్పుడూ తేలికే. దూరపువాడు మన వీధి సంగతి అడగడు.

ఇక ఎక్స్-మెన్ దగ్గరికి రావాలి. ఈ చర్చలో అందరూ మొదట చెప్పే పేరు అదే, నా చిన్ననాటి ఇష్టమూ అదే. 1963లో మొదలైనప్పుడు అందులో ఐదుగురు తెల్లజాతి అమెరికన్ పిల్లలు, ఒక మాస్టారు. అమ్మకాలు పడిపోయి, 1970 నుంచి ఐదేళ్ళు పాత కథలే మళ్ళీ మళ్ళీ అచ్చేస్తూ బండి లాగించారు. 1975లో లెన్ వైన్, డేవ్ కాక్రమ్ కలిసి జైంట్-సైజ్ ఎక్స్-మెన్ మొదటి సంచికతో కొత్త జట్టుని దించారు. ఆ అట్టబొమ్మని ఎవరైనా ఒకసారి చూస్తే మరిచిపోరు. పాత జట్టున్న కాగితాన్ని చింపుకుని కొత్తవాళ్ళు మన మీదికి దూకుతుంటారు. కెన్యానుంచి స్టార్మ్, సోవియట్ రష్యానుంచి కొలాసస్, జర్మనీనుంచి నైట్‌క్రాలర్, కెనడానుంచి వుల్వరిన్, ఐర్లండ్‌నుంచి బాన్‌షీ, జపాన్‌నుంచి సన్‌ఫైర్, అపాచీ తెగనుంచి థండర్‌బర్డ్. దీని వెనక వ్యాపారం కూడా ఉంది. వేరువేరు దేశాల హీరోలుంటే విదేశాల్లో పుస్తకాలు అమ్ముడుపోతాయని కంపెనీ పెద్దల ఆశ. అందులో తప్పేమీ లేదు. మంచి మార్పులు చాలాసార్లు లాభం ఆశతోనే మొదలవుతాయి.

తర్వాతి రెండు సంచికలు కూడా చదవండి. 94వ సంచికలో సన్‌ఫైర్ నాకిదంతా పట్టదని వెళ్ళిపోతాడు. 95వ సంచికలో థండర్‌బర్డ్ చనిపోతాడు. జట్టులో కోపిష్టి పాత్రలు ఎక్కువయ్యాయి, ఎవరినో ఒకరిని తీసేయాలి. ఆ కోపం ఎవరికి ఇచ్చారో చూడండి: జపాన్ వాడికి, అపాచీ వాడికి, వుల్వరిన్‌కి. మిగిలింది వుల్వరిన్. అట్ట మీద దూకిన ఏడుగురు కొత్తవాళ్ళలో తెల్లజాతి కానివాళ్ళు ముగ్గురే. రెండో సంచిక పూర్తయ్యేసరికి స్టార్మ్ ఒక్కతే మిగిలింది.

ఆ స్టార్మ్‌నైనా మొదటిసారి ఎలా చూపించారు? కెన్యాలో ఊరివాళ్ళు వానకోసం మొక్కుతుంటే అర్ధనగ్నంగా దిగివచ్చే దేవతగా. తెల్ల మాస్టారు వచ్చి నువ్వు దేవతవి కావు, నాతో రా అంటాడు. ఈ దృశ్యం ఇవాళ చదివితే ఇబ్బందిగా ఉంటుంది. ఆమెని నిలబెట్టింది కాలమే. 94వ సంచికనుంచి పదహారేళ్ళపాటు ఏకబిగిన ఈ కథలు రాసిన క్రిస్ క్లేర్‌మాంట్, స్టార్మ్‌కి ఇరుకు గదులంటే భయం ఇచ్చాడు, నాయకత్వం ఇచ్చాడు, తప్పులు చేసే హక్కు ఇచ్చాడు. 1986లో 201వ సంచికలో, శక్తులన్నీ పోగొట్టుకుని మామూలు మనిషిగా ఉన్న స్టార్మ్, నాయకత్వం కోసం సైక్లాప్స్‌తో తలపడి గెలుస్తుంది. జట్టు మొదటి నాయకుడు అతను, కళ్ళతో కొండల్ని పిండిచేయగలడు. ఆమె దగ్గర తెలివి తప్ప ఏమీ లేదు. పదకొండేళ్ళ ఓపిక ఒక పాత్రని ఎక్కడికి తీసుకెళ్ళగలదో చెప్పడానికి ఈ ఒక్క సంచిక చాలు. థండర్‌బర్డ్‌కి దొరికింది మూడు సంచికలు.

ఎక్స్-మెన్‌ని సమర్థించేవాళ్ళు ఇక్కడ ఇంకో మాట అంటారు. పుట్టుకతో వేరుగా ఉన్నందుకు లోకం ద్వేషించే మ్యూటెంట్ల కథ అసలు వివక్ష గురించే కదా, రంగు లెక్కలు ఎందుకని. ఆ పోలిక చాలామందికి ఊతమిచ్చింది, కాదనను. ఇంట్లో చెప్పుకోలేని సంగతి మనసులో దాచుకున్న స్వలింగ ప్రేమికులైన పిల్లలు ఆ కథల్లో తమని చూసుకున్నారు. కోడ్ వాళ్ళ పేరెత్తడాన్నే నిషేధించింది. 1989లో ఆ నిబంధన సడలాక గానీ, 1992లో ఆల్ఫా ఫ్లైట్ 106వ సంచికలో, నార్త్‌స్టార్ అనే హీరో తాను స్వలింగ ప్రేమికుణ్ణని నోరు తెరిచి చెప్పలేకపోయాడు. అప్పటిదాకా పోలికే దిక్కు.

అయితే ఆ పోలికలో రెండు లొసుగులున్నాయి. మ్యూటెంట్ నిజంగానే ప్రమాదకారి కావచ్చు, చూపుతో ఇల్లు కూల్చగలడు. అతన్ని చూసి జనం భయపడటంలో కాస్త అర్థముంది. నల్లజాతి కుర్రాణ్ణి చూసి భయపడటంలో ఏ అర్థమూ లేదు, ఆ భయం పూర్తిగా కల్పితం. ఈ రెండిటినీ పక్కపక్కన పెడితే తెలీకుండానే ద్వేషించేవాడి వాదనకి బలమిచ్చినవాళ్ళమవుతాం. రెండోది ఇంకా సూటిగా తగులుతుంది. నల్లజాతి ప్రజల పోరాటంలోని బాధ, భాష తీసుకుని, ఆ బాధ పడే పాత్రల్ని ఎక్కువమందిని తెల్లగానే గీశారు.

ఎక్స్-మెన్‌లో సైలాక్ అనే పాత్ర ఉదంతం దీనికి పరాకాష్ఠ. బెట్సీ బ్రాడక్ అనే తెల్ల ఇంగ్లిష్ అమ్మాయి మనసుని 1989 నాటి కథలో జపాన్ యోధురాలు క్వానన్ శరీరంలోకి పంపారు. అక్కణ్ణుంచి దాదాపు ముప్పయ్యేళ్ళు ఎక్స్-మెన్‌లో అందరికన్నా ఎక్కువగా కనిపించిన ఆసియా స్త్రీ ముఖం వెనక ఉన్నది ఆంగ్లేయురాలు. బొమ్మలో జపాన్, మాటలో ఇంగ్లండ్. 2018లో ఇద్దరినీ విడదీశాకే క్వానన్‌కి తన ఒళ్ళు తనకి దక్కింది. తలలు లెక్కపెట్టేవాళ్ళు ఆ ముప్పయ్యేళ్ళూ ఆమెని ఆసియా ఖాతాలోనే వేసుకున్నారు.

ఈ చిక్కుని నాకు తెలిసి అందరికన్నా స్పష్టంగా పట్టుకున్నవాడు డ్వేన్ మెక్‌డఫీ. మార్వెల్‌లో పనిచేసిన నల్లజాతి రచయిత. అతని వాదన ఇది. జట్టులో ఒకే ఒక్క నల్లజాతి పాత్ర ఉంటే ఆ పాత్ర ఇక మనిషిగా మిగలదు. అతనేం చేసినా మొత్తం జాతి చేసినట్టే. దొంగతనం చేయలేడు, పిరికివాడు కాలేడు, తిక్కగా ఉండలేడు, చివరికి విసుగు కూడా పుట్టించలేడు. సూపర్‌మ్యాన్ తెల్లవాళ్ళందరికీ ప్రతినిధి కాడు, అతని శత్రువు లెక్స్ లూథరూ కాడు, ఎందుకంటే వాళ్ళ చుట్టూ వందల కొద్దీ తెల్ల పాత్రలున్నాయి. కాబట్టి మందు ఒక్కటే: ఒకరు కాదు, చాలామంది ఉండాలి, ఒకరితో ఒకరు ఏకీభవించకుండా ఉండాలి.

1993లో అతను డెనిస్ కవన్, మైకేల్ డేవిస్, డెరెక్ డింగిల్‌తో కలిసి మైల్‌స్టోన్ అనే సంస్థ పెట్టాడు. అచ్చు, పంపిణీ డీసీ కంపెనీది. పాత్రల మీద హక్కులు, కథల మీద ఆఖరి మాట మాత్రం మైల్‌స్టోన్‌వే. ఈ ఏర్పాటుకి ఉన్న విలువ ఎంత చెప్పినా తక్కువే. అప్పటిదాకా నల్లజాతి హీరోల్లో చాలామందిని పుట్టించినవాళ్ళూ చంపినవాళ్ళూ వేరేవాళ్ళు.

ఐకాన్ కథ చూడండి. 1839లో అమెరికా దక్షిణాది పత్తి చేలల్లో గ్రహాంతరవాసి ఒకడు పడతాడు. మొదట చూసినవాళ్ళ రూపం తీసుకోవడం అతని నౌక పద్ధతి. చూసింది ఒక బానిస స్త్రీ, కాబట్టి అతను నల్లజాతి పసివాడవుతాడు. సూపర్‌మ్యాన్ తొట్టి కాన్సస్ రైతుల పొలంలో కాక పత్తి చేలో పడి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్న అది. నూటయాభై ఏళ్ళు బతికి డబ్బున్న లాయరవుతాడు. కష్టపడితే ఎవరైనా పైకొస్తారు, సాయం అడగడం చేతకానితనం అంటాడు. అతని ఇంట్లో దొంగతనానికి వచ్చిన పేటపిల్లల్లో రక్వెల్ అనే అమ్మాయి ఉంటుంది. ఇంత శక్తి పెట్టుకుని ఊరికే కూర్చున్నావేం అని మళ్ళీ వచ్చి అడుగుతుంది. అతను ఐకాన్, ఆమె రాకెట్ అవుతారు. పుస్తకమంతా ఇద్దరూ వాదించుకుంటూనే ఉంటారు. ఆమె గర్భవతి అవుతుంది, బిడ్డని కని మళ్ళీ పనిలోకొస్తుంది. నల్లజాతివాళ్ళ అభిప్రాయం ఏమిటి అని ఈ పుస్తకాన్ని అడిగితే ఒక్క జవాబు రాదు. అదే దాని గొప్పతనం.

మైల్‌స్టోన్ జట్టు పేరు బ్లడ్ సిండికేట్. బ్రాంక్స్‌లో పెరిగిన ప్యూర్టోరికో మూలాల రచయిత ఇవాన్ వెలెజ్ జూనియర్ దానికి ప్రాణం పోశాడు. నల్లజాతివాళ్ళు, లాటినోలు, ఆసియా మూలాలవాళ్ళు, ఒకప్పుడు ఒకరినొకరు చంపుకున్న వీధి ముఠాల పిల్లలు. ఇంకో సంగతి, మైల్‌స్టోన్ పుస్తకాల్లో రంగులు చేత్తో అద్దేవారు. పాత కామిక్స్ అచ్చులో నల్లజాతివాళ్ళందరి చర్మానికీ ఒకటే గోధుమ రంగు. ఇక్కడ ఒకరు చామనఛాయ, ఒకరు కాఫీ రంగు, ఒకరు నిగనిగలాడే నలుపు. మన ఇళ్ళలో ఒక్క పెళ్ళి ఫొటోలో ఎన్ని ఛాయలుంటాయో అన్ని. ఇంత చిన్న పనికి అరవై ఏళ్ళు పట్టింది. 1997కల్లా పుస్తకాలు ఆగిపోయాయి. స్టాటిక్ అనే కుర్ర హీరో మాత్రం 2000లో టీవీ కార్టూన్‌గా ఇంటింటికీ వెళ్ళాడు.

ఒక్కరే ఉండటంలోని ప్రమాదం జాతితో ఆగదు. బార్బరా గోర్డన్, అంటే పాత బ్యాట్‌గర్ల్, 1988 నాటి కథలో తూటా దెబ్బకి నడుము కిందిభాగం చచ్చుబడి చక్రాల కుర్చీకి పరిమితమైంది. బ్యాట్‌మ్యాన్‌ని బాధపెట్టడానికి వాడుకున్న గాయం అది. కిమ్ యేల్, జాన్ ఆస్ట్రండర్ దంపతులు ఆమెని అక్కడ వదిలేయలేదు. ఆరకిల్ అనే పేరుతో, కంప్యూటర్ల ముందు కూర్చుని సమాచారమంతా నడిపించే మనిషిగా మళ్ళీ నిలబెట్టారు. తర్వాత బర్డ్స్ ఆఫ్ ప్రే జట్టుకి ఆమే నాయకురాలు. 2011లో డీసీ అన్ని కథల్నీ కొత్తగా మొదలుపెట్టినప్పుడు బార్బరా మళ్ళీ లేచి నడిచింది. వికలాంగులైన పాఠకులు బాధపడ్డారు. కాళ్ళొస్తే సంతోషించాలి గానీ బాధెందుకు అన్నారు కొందరు. ఆ కుర్చీలో అంత పెద్ద హీరో ఇంకొకరుంటే బాధపడేవాళ్ళు కాదు. ఉన్నది ఆమె ఒక్కతే, ఆమె లేవగానే చోటు ఖాళీ అయింది.

మనవాళ్ళ సంగతీ అలాంటిదే. 1977లో డూమ్ పెట్రోల్ అనే జట్టుని నడిపించడానికి వచ్చిన సెల్సియస్ అసలు పేరు ఆరణి దేశాయ్. భారతీయ స్త్రీ నాయకురాలిగా ఉన్న అమెరికన్ జట్టు, ఆ రోజుల్లో! 1988లో ఆమెని చంపేశారు. చంపడం ఒక్కటే అయితే సరేననుకుందును, కామిక్స్‌లో అందరూ చస్తారు. కానీ సూపర్‌మ్యాన్ చస్తే తిరిగొస్తాడని అందరికీ తెలుసు. అలాంటి పూచీ ఆరణి దేశాయ్‌కి ఎవరిచ్చారు?

ఇక డబ్బు మాట. వైవిధ్యం అమ్ముడుపోదన్న వాదన తరచూ వినిపిస్తుంది. 2017లో మార్వెల్ అమ్మకాల విభాగం పెద్ద ఒకాయన కూడా దుకాణదారులు అలా అంటున్నారని చెప్పి, గొడవయ్యాక సర్దుకున్నారు. ఈ వాదన తూచాలంటే కామిక్స్ ఎలా అమ్ముతారో తెలియాలి. పత్రిక రావడానికి దాదాపు రెండు నెలల ముందే దుకాణదారు ఎన్ని కాపీలు కావాలో చెప్పాలి. అమ్ముడుపోకపోతే వెనక్కి తీసుకోరు, నష్టం అతనిదే. కాబట్టి ఎప్పుడూ కొనే పాత ఖాతాదారు ఏం కొంటాడో అదే తెప్పిస్తాడు. కొత్త హీరో కోసం కొత్తగా వచ్చే కాలేజీ అమ్మాయికి రెండు నెలల ముందే పేరు రాయించుకోవాలని తెలీదు. నెలవారీ లెక్కల్లో ఆమె కనపడదు. ఆర్నెల్లకి అవన్నీ కలిపి పుస్తకంగా వచ్చినప్పుడు కొంటుంది, ఈలోపు పత్రిక ఆగిపోయి ఉంటుంది. రాక్సేన్ గే, యోనా హార్వీ రాసిన వరల్డ్ ఆఫ్ వకాండా ఆరు సంచికలకే ఆగింది. 2018లో దానికి కామిక్స్‌కి ఇచ్చే ఐస్నర్ అవార్డు వచ్చింది. అప్పటికి పత్రికే లేదు.

ఈ గోడని దాటింది కమలా ఖాన్. న్యూజెర్సీలోని జెర్సీ సిటీలో ఉండే పాకిస్తానీ కుటుంబం అమ్మాయి, పదహారేళ్ళది. 2014లో ఆమె సొంత పత్రిక మొదలైంది. రచయిత్రి జీ. విల్లో విల్సన్ ముస్లిం, సంపాదకురాలు సనా అమానత్ న్యూజెర్సీలో పెరిగిన పాకిస్తానీ మూలాల మనిషి. కమలా అమ్మీ, అబ్బూ అని పిలుస్తుంటే హైదరాబాదులో పెరిగినవాళ్ళకి పొరుగింటి మాటల్లానే ఉంటాయి. మొదటి పేజీలో ఆమె దుకాణంలో నిలబడి, తినకూడని పంది మాంసం శాండ్‌విచ్‌ని వాసన చూస్తుంటుంది, తినదు. రాత్రి పార్టీకి వెళ్ళనివ్వరు, దొంగతనంగా వెళ్తుంది. శక్తులొచ్చిన మొదటి క్షణంలో ఆమె కోరుకున్నది తన ఆరాధ్య నాయిక కరోల్ డాన్వర్స్‌లా మారిపోవాలని: పొడుగు, తెలుపు, బంగారు జుట్టు. మారుతుంది కూడా. ఆ జుట్టు కళ్ళలో పడుతుంది, బూట్లు కరుస్తాయి, బిగుతు దుస్తులు ఎక్కడెక్కడో ఇరుక్కుంటాయి. ఇంకొకరిగా ఉండటం ఇంత కష్టమా అనుకుంటుంది. తర్వాత ఈతకి కొన్న బుర్కినీని కత్తిరించి తన దుస్తులు తనే కుట్టుకుంటుంది.

ఆ పుస్తకంలో ముస్లిం అమ్మాయి ఆమె ఒక్కతే కాదు. స్నేహితురాలు నాకియా ఇంట్లోవాళ్ళు వద్దంటున్నా తనిష్టంతో హిజాబ్ వేసుకుంటుంది, కమలా వేసుకోదు. అన్న ఆమిర్ గడ్డం పెంచుకుని రోజంతా నమాజులో ఉంటే, ఉద్యోగం చూసుకోరా అని బ్యాంకులో పనిచేసే తండ్రి గొణుగుతుంటాడు. కథ మసీదులోకి వెళ్తుంది, అక్కడి పెద్దాయన మనం అనుకున్నట్టు మాట్లాడడు. మెక్‌డఫీ అడిగింది ఇదే. ఒక మతం వాళ్ళు నలుగురుంటే నాలుగు తీరులు. నెలవారీ లెక్కలతో పని లేకుండా ఆ కథలు సంకలనాలుగా, ఫోన్లలో చదివే కాపీలుగా వెళ్ళాయి. తొలి సంపుటికి 2015లో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డు వచ్చింది. అదే ఏడాది జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కో సిటీ బస్సుల మీద ముస్లింలని ద్వేషిస్తూ వేసిన ప్రకటనలపై ఎవరో రాత్రికి రాత్రి కమలా బొమ్మలు అతికించి వెళ్ళారు.

2015 చివర్లో అవెంజర్స్ పత్రిక మళ్ళీ ఒకటో సంచికతో మొదలైంది. ఈసారీ ఏడుగురే. ఐరన్ మ్యాన్, విజన్ 1979 జాబితాలో ఉన్నవాళ్ళే. థోర్ సుత్తి పట్టుకున్నది జేన్ ఫాస్టర్ అనే స్త్రీ. కమలా ఖాన్. నల్లజాతి, ప్యూర్టోరికో తల్లిదండ్రుల బిడ్డ, స్పైడర్ మ్యాన్ ముసుగులో ఉన్న మైల్స్ మొరాలెస్. మెక్సికో మూలాల తల్లి కొడుకు నోవా. ఏడో పేరు కెప్టెన్ అమెరికా. ఆ డాలు పట్టుకున్నది శామ్ విల్సన్.

ఏడాది తిరక్కుండా కమలా, మైల్స్, నోవా ముగ్గురు పిల్లలూ పెద్దవాళ్ళ కొట్లాటలతో విసిగి ఆ జట్టు వదిలేస్తారు. కమలా ఫోన్ తీసి తనకి కావలసినవాళ్ళని తనే పిలుచుకుని ఛాంపియన్స్ అనే కొత్త జట్టు కడుతుంది. ఈసారి జాబితా పట్టుకుని గైరిచ్ రాలేదు.